కరుణక్క చెప్పిన లోపాలు

మా వార్డు కారిడార్లో పొద్దున్నే మొదట తగిలేది పుదీనా టీ వాసన. జర్మనీ ఆసుపత్రుల్లో మందుల వాసన దాని తర్వాతే. వంటగది నుంచి వచ్చే బండి మీద పెద్ద పెద్ద ఫ్లాస్కుల నిండా అదే టీ. పాలుండవు, చక్కెర ఉండదు. రోగులూ డాక్టర్లూ ఎవరికి కావాలంటే వాళ్ళు వంపుకుని తాగుతారు. మొన్న సోమవారం ఆ బండి నా పక్కనుంచి వెళ్తుంటే, ఎవరో మూత సరిగా బిగించలేదేమో, ఆవిరి ముఖానికి తగిలింది. రౌండ్స్‌కి వెళ్తున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. వెనకాల ఉన్న జూనియర్లు నేనేదో కష్టమైన కేసు గురించి ఆలోచిస్తున్నాననుకుని మర్యాదగా నిలబడ్డారు. నాకు గుర్తొచ్చింది కేసు కాదు, ఒక మనిషి. ఆ టీని బాగా చల్లారబెట్టుకుని, కోటు జేబులోంచి చిన్న శొంఠిపొడి డబ్బా తీసి, చిటికెడు చల్లుకుని, "ఇప్పుడిది మనుషులు తాగేదయ్యింది" అని చెప్పే మనిషి.

ఆమె పేరు డాక్టర్ కరుణకుమారి. కోనసీమలో పుట్టి, కాకినాడలో వైద్యం చదివి, తాను పెళ్ళాడిన జర్మన్ బడిపంతులు వెంట ఈ దేశం వచ్చారు. పాడర్‌బోర్న్‌కి రైల్లో కాస్త దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో, నరాల విభాగంలో సీనియర్ డాక్టర్‌గా ఉద్యోగ జీవితమంతా గడిపారు. ఇప్పుడు రిటైరై ఉత్తర సముద్రం ఒడ్డున ఉంటున్నారు. నిక్షేపంలా ఉన్నారు కాబట్టి ఇది సంతాప వ్యాసం కాదు. ఆమె పేరుతో ఏ జబ్బూ లేదు, ఏ పరీక్షా లేదు. వైద్య పత్రికల్లో వెతికినా పెద్దగా కనిపించరు. అయినా నేను ఈరోజు ఒక యూనివర్సిటీ ఆసుపత్రిలో న్యూరాలజిస్టుగా నా కాళ్ళ మీద నేను గట్టిగా నిలబడి ఉన్నానంటే, అందులో నా కష్టం ఎంతుందో ఆమె నిజాయితీ కూడా అంతే ఉంది. ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె ఎలాంటివారో చెప్పాలనిపించింది.

నాది జగిత్యాల. ఎంబీబీఎస్ అయ్యాక హైదరాబాదులో జర్మన్ నేర్చుకుని ఇక్కడికొచ్చి, లైసెన్సు పరీక్షకు చదువుకుంటూ ఆ చిన్న ఆసుపత్రిలో హోస్పిటాట్సియోన్‌కు చేరాను. అంటే జీతమూ బాధ్యతా లేకుండా డాక్టర్ల వెనకాల తిరుగుతూ చూసి నేర్చుకోవడమన్నమాట. మొదటి రోజు ఆమె గదిలోకి వెళ్ళి, ఇంట్లో అద్దం ముందు సాధన చేసిన జర్మన్ వాక్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆమె చివరిదాకా విన్నారు. తర్వాత తెలుగులో అన్నారు.

"బాగా బట్టీ పట్టావమ్మా. ఇప్పుడు ఊపిరి పీల్చుకో. ఏ ఊరు మీది?"

ఆ దేశంలో, ఆ ఊళ్ళో, తలుపు మీద జర్మన్ ఇంటిపేరున్న గదిలో గోదావరి తెలుగు వినపడుతుందని ఎవరనుకుంటారు? జగిత్యాలని చెప్పాను.

"మాది అమలాపురం దగ్గర. నీ తెలుగు నాకు సగం, నా తెలుగు నీకు సగం తెలుస్తుంది. తక్కిన సగానికి జర్మన్ ఉందిగా. వార్డులో ఫ్రావ్ డాక్టర్ అను. క్యాంటీన్లో అక్కా అను. ఆంటీ అన్నావంటే మాత్రం వెన్నులోంచి నీరు తీయడం నేర్పను, చెప్తున్నాను."

ఆ నిమిషం నుంచి ఆమె నాకు కరుణక్కే.

ఆమె నేర్పే పద్ధతి వేరు. నన్ను తెల్లకోటు విప్పించి ఔట్‌పేషెంట్ల గదిలో మామూలు మనిషిలా ఒక కుర్చీలో కూర్చోబెట్టేవారు. "వాళ్ళను చూస్తూ కూర్చో. తర్వాత నాకు చెప్దువు గాని." ఒకరోజు ఒక పెద్దాయన భార్యతో వచ్చాడు. నేను లోపలికి వెళ్ళి, ఉత్సాహం కొద్దీ, "పార్కిన్సన్స్ అక్కా" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు. "అది నువ్వనుకున్నది. చూసిందేంటి?" నేను మళ్ళీ మొదలుపెట్టాను. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగలేదు. కుర్చీలోంచి లేవడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. జోకు వేసి భార్యను నవ్వించాడు గానీ తన ముఖం నవ్వలేదు. "ఆ, అదీ. ముందు చూసింది చెప్పాలి, అనుకున్నది తర్వాత. అనుకున్నది ముందు చెప్పేస్తే, ఆ పైన కళ్ళు దానికి సరిపడేవే చూస్తాయి." చివరికి ఆయనది పార్కిన్సన్సే. నా మాట తప్పు కాలేదు. అయినా ఆమె ఆ రోజు నన్ను మెచ్చుకోలేదు, చేతి సంగతి చెప్పినందుకు మాత్రం క్యాంటీన్లో ఆపిల్ కేకు ఇప్పించారు.

కొన్నాళ్ళకు పరీక్ష గట్టెక్కాను, లైసెన్సు వచ్చింది. ఇక న్యూరాలజీలో స్పెషలిస్టు శిక్షణకు ఉద్యోగం చూసుకోవాలి. అప్పుడే నా క్లాస్‌మేట్ నీలిమ అమెరికాలో అదే పనిలో ఉంది. అక్కడి పద్ధతిలో అభ్యర్థులు తమకు నచ్చిన ఆసుపత్రులను వరుసగా పెడతారు, ఆసుపత్రులూ తమకు నచ్చిన వాళ్ళను వరుసగా పెడతాయి, కంప్యూటరు ఈ రెంటినీ జతపరుస్తుంది. ఫోనులో అది వాపోయేది. "పొద్దున ఒకటి పైన పెడ్తున్న, సాయంత్రానికి దాన్ని కింద పడేస్తున్న. నీకే నయం, కంప్యూటర్ లేదు." నాకలా అనిపించలేదు. జర్మనీలో అలాంటి జతకూర్పు ఏదీ లేదు. మనమే దరఖాస్తు పెట్టుకోవాలి. వాళ్ళు పిలిచి మాట్లాడతారు, రెండ్రోజులు వచ్చి చూసి వెళ్ళమంటారు, తర్వాత అవునో కాదో చెప్పాలి. తప్పయినా ఒప్పయినా కంప్యూటరు మీదికి నెట్టడానికి వీల్లేదు.

నాకు రెండు చోట్ల నుంచి పిలుపొచ్చింది. ఒకటి కరుణక్క ఉన్న ఆసుపత్రే. అక్కడి విభాగాధిపతిని అందరూ 'షెఫ్' అనేవాళ్ళు. పొడుగ్గా, ఎప్పుడూ అలసిపోయినట్టుండే మంచి మనిషి. అప్పటికే ఇద్దరు డాక్టర్లు మానేసి వెళ్ళిపోవడంతో వార్డంతా ఉన్న కొద్దిమంది మీద నడుస్తోంది. ఆయన నాకు చెయ్యి కలిపి, రేపే చేరినా సంతోషమేనన్నాడు. రెండోది ఒక పెద్ద నగరంలోని యూనివర్సిటీ ఆసుపత్రి. నేను ఆశ లేకుండానే పెట్టిన దరఖాస్తు అది. ఇంటర్వ్యూ బాగా జరిగింది, వచ్చి విభాగం చూడమన్నారు. మా ఇంట్లో యూనివర్సిటీ అన్న మాట వినగానే ఆలోచించడానికేముందన్నారు. నా మనసు మాత్రం అప్పటికే చిన్న ఊరి వైపు మొగ్గింది. అక్కడ నన్ను నర్సులు పేరు పెట్టి పిలుస్తారు. బేకరీ ఆవిడకు నాకే బ్రెడ్ కావాలో తెలుసు. అన్నిటికన్నా, కరుణక్క ఉన్నారు.

"ఏమోనక్కా, రెండూ మంచిగనే కొడ్తున్నయి. కానీ నాకు ఈడనే ఉండాలనుంది" అన్నాను ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్లో.

ఆమె చల్లారిన టీలో శొంఠి కలుపుకుంటున్నారు. "అది అనుకున్నది" అన్నారు, అంతే.

ఆమె ఇంకేదో చెప్పబోతుండగా నా జేబులో ఫోన్ మోగింది. ఎమర్జెన్సీ నుంచి నర్సు. మీ దేశపు ఆవిడ ఒకరు వచ్చారు, జర్మన్ రాదు, ఇంగ్లీషు రాదు, కాస్త వచ్చి అనువాదం చేస్తావా అని.

నేను పరుగున వెళ్ళాను. యాభై అయిదు దాటిన మనిషి. చీర మీద కూతురిదో ఎవరిదో పెద్ద జాకెట్, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు. పార్కు దగ్గర బస్‌స్టాపులో బెదిరిపోయి కూర్చుంటే దారినపోయేవాళ్ళు అంబులెన్సుకు ఫోన్ చేశారట. రక్తపోటు కాస్త ఎక్కువ, కాళ్ళూ చేతులూ బాగానే కదులుతున్నాయి, గలగలా మాట్లాడుతూనే ఉంది. ఊరు కాని ఊళ్ళో దారి తప్పి కంగారుపడిందని అక్కడున్నవాళ్ళు అనుకున్నారు. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. నేను దగ్గరికి వెళ్ళి, "అమ్మా, మీది ఏ ఊరు?" అన్నాను. తెలుగు వినగానే ఆమె కళ్ళు వెలిగాయి. నా చెయ్యి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ గొడుగు ఉడికింది కదమ్మీ. బస్సు నూరితే తొమరం రాలేదు. పిల్లదాని కిటికీకి కూరెక్కించీసి నానేమో గిల్చుకున్నాను మరి, అలాగ."

మాట సాగుడంతా ఉత్తరాంధ్రది. అమ్మీ, నాను, ఎక్కించీసి అన్నవి తెలుస్తున్నాయి. తొమరం ఏమిటో, గిల్చుకోవడం ఏమిటో తెలియలేదు. శ్రీకాకుళం వైపు పల్లె మాటలు జగిత్యాల పిల్లకు ఏం తెలుస్తాయి? అంత ధారాళంగా, అంత నమ్మకంగా మాట్లాడుతున్న మనిషి మాటల్లో అర్థం లేదని ఎవరికి తోస్తుంది? అంతలో నా వెనకే వచ్చిన కరుణక్క మంచం పక్కన నిలబడ్డారు. "ఏం విన్నావు?" అన్నారు నెమ్మదిగా. నేను విన్నవి విన్నట్టు చెప్పాను. కొన్ని మాటలు నాకు తెలియవని, యాస తేడా ఏమోనని అన్నాను.

"మాటలు వదిలెయ్. నువ్వు చెప్పింది ఆవిడ చేస్తోందా?"

చేయమని నేనేమీ చెప్పలేదు. కరుణక్క మంచం మీద కూర్చుని, ఇంట్లో పెద్దమ్మతో మాట్లాడినట్టు, "అమ్మా, ఒకసారి కళ్ళు మూసుకోండి" అన్నారు. ఆమె నవ్వి, కళ్ళు తెరుచుకునే ఇంకేదో చెప్పింది. "చెయ్యి పైకెత్తండి." ఆమె తల ఊపి మాట్లాడుతూనే ఉంది. కరుణక్క మాట్లాడకుండా తన చెయ్యి ఎత్తి చూపించారు. ఆమె వెంటనే తన చెయ్యీ ఎత్తింది. జేబులోంచి కలం తీసి, "ఇదేంటమ్మా?" అన్నారు. "తొమరమే కదా" అందామె, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

కరుణక్క లేచి నిలబడ్డారు. ఆమె గొంతు పెరగలేదు గానీ మారింది.

"స్వప్నా, ఇది శ్రీకాకుళం కాదు, అమలాపురం కాదు, జగిత్యాల కాదు. ఇది ఏ జిల్లా తెలుగూ కాదు. ఎడమ మెదడు నాళంలో రక్తపు గడ్డ అడ్డంపడింది. మాట అర్థం చేసుకునే చోటు పోతోంది."

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. స్కాన్ గదికి ఫోన్ వెళ్ళింది. ఆమె ఎప్పటిదాకా బాగుందో తెలిస్తేనే గడ్డ కరిగించే మందు ఇవ్వగలం. సరిగ్గా అప్పుడు ఆమె సంచిలో ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. కూతురు భవాని, పాడర్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"అమ్మ ఎక్కడుందండీ? మీరెవరు? నేను డేకేర్ నుంచి పాపను తీసుకుని ఇంటికొస్తే తలుపు తాళం వేసుంది."

నేను విషయం చెప్పి, చివరిసారి అమ్మ మామూలుగా మాట్లాడింది ఎప్పుడని అడిగాను. భోజనం వేళ వీడియో కాల్ చేశానని, పాప టోపీ ఎక్కడుందో కూడా అమ్మ చెప్పిందని అంది. ఆ తల్లి పేరు పైడమ్మ అనీ అప్పుడే తెలిసింది. సమయం మించిపోలేదు. స్కాన్‌లో గడ్డ కనిపించింది, కరుణక్క చెప్పిన చోటే. మందు మొదలుపెట్టారు. కానీ గడ్డ పెద్దది, మందుకొక్కదానికే లొంగేలా లేదు. రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి దాన్ని లాగి తీసేయాలి. ఆ పని చేసే ఏర్పాటు అక్కడ లేదు. యూనివర్సిటీ ఆసుపత్రిలో ఉంది. నేను వెళ్ళి చూడాల్సి ఉన్న ఆ ఆసుపత్రిలోనే.

అంబులెన్సు బయల్దేరాక కరుణక్క, పాపను పక్కింట్లో వదిలి అప్పుడే వచ్చిన భవాని కారు దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. "నువ్వూ వెళ్ళు. వాళ్ళకు తెలుగు తెలిసినవాళ్ళు కావాలి. ఈ అమ్మాయేమో కంగారులో ఉంది, చదువుకున్న పిల్లే అయినా తల్లి విషయంలో చెవులు సరిగ్గా పనిచేయవు." తర్వాత ఇంకో మాట అన్నారు. "ఇక్కడ మనం కనిపెట్టగలం, తీయలేం. అది చూసి రా."

దారంతా భవాని తనను తిట్టుకుంటూనే ఉంది. పాపను చూసుకోవడానికి అమ్మను పిలిపించుకున్నానని, ఈ చలిలో తిప్పానని. నేను ఆమెకు కరుణక్క పద్ధతిలోనే చెప్పాను, జరిగినవి జరిగినట్టు. అమ్మ పార్కుకు వెళ్ళింది, జబ్బు వచ్చింది, వేళకు దొరికింది, మందు పడింది. ఆమె కాస్త కుదుటపడింది.

యూనివర్సిటీ ఆసుపత్రి గురించి నా మనసులో ఒక బొమ్మ ఉండేది. పెద్ద భవనాలు, పెద్ద ప్రొఫెసర్లు, ఎవరి ముఖమూ ఎవరూ చూడని చోటు. ఆ సాయంత్రం చూసింది వేరు. తలుపు దగ్గరే మా కోసం నిలబడి ఉన్న అసిస్టెంట్ డాక్టరు నాకన్నా చిన్నదిలా ఉంది. నా చేత ఆమె పైడమ్మ గారితో మాట్లాడించి, "ఆమె ఏమందో అర్థం చెప్పొద్దు, ఆ శబ్దాలే యథాతథంగా చెప్పండి" అంది. తొమరం అన్నాను. ఆమె తొమరం అని పలికి చూసుకుంది. లోపల తీగ రక్తనాళంలోకి వెళ్తుంటే నన్ను అద్దం వెనక నిలబడనిచ్చారు. తెర మీద నాళాల చెట్టులో ఒక కొమ్మ లేదు, కోసేసినట్టు. కాసేపటికి ఆ కొమ్మలోకి మళ్ళీ రక్తం పారింది, చిగురుదాకా. అక్కడున్న వాళ్ళెవరూ చప్పట్లు కొట్టలేదు. సీనియర్ డాక్టరు చేతి తొడుగులు తీస్తూ, ఈవిడ భాష సమస్య భాష సమస్య కాదని ఎవరు గుర్తుపట్టారని అడిగాడు. చెప్పాను. "ఆమెకు నా నమస్కారం చెప్పండి. మా దగ్గరైతే ఇది దాటిపోయేదేమో" అన్నాడు. అంత పెద్ద చోట అంత మాట అంత తేలిగ్గా అనగలిగినందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

మర్నాడు పొద్దున పైడమ్మ గారి మంచం చుట్టూ మేమందరం నిలబడి ఉన్నాం. భవాని నీళ్ళ గ్లాసు అందించింది. ఆమె ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది.

"సల్లగా ఉన్నాయే అమ్మీ. కాసింత ఏడి సేసి ఇమ్మను."

భవాని ఏడుస్తూ నవ్వింది. నేను ఆ వాక్యాన్ని జర్మన్‌లో చెప్పగానే అసిస్టెంట్ డాక్టరు తనే వెళ్ళి వేడినీళ్ళు తెచ్చింది.

ఎలాగూ వెళ్ళాను కాబట్టి ఆ రెండ్రోజులూ అక్కడే ఉండి విభాగం చూసి తిరిగొచ్చాను. కరుణక్క నన్ను క్యాంటీన్‌కు తీసుకెళ్ళలేదు. ఆసుపత్రి వెనక ఆపిల్ చెట్ల మధ్య కాలిబాట ఉంది, అక్కడికి తీసుకెళ్ళారు. చూసిందంతా చెప్పించుకున్నారు. మధ్యలో ఒక్క ప్రశ్నా వేయలేదు. చివర్లో నేను, "అది మంచి జాగనే అక్కా. కాదంట లేను. కానీ ఈడ మీరున్నరు గదా" అన్నాను.

"ఉన్నాను. అందుకే నా మాట జాగ్రత్తగా విను. నువ్వు వెళ్ళి ఆ చోటు చూశావు. ఈ చోటు నువ్వు చూడలేదు, నన్నే చూశావు. ఇప్పుడు దీని సంగతి చెప్తాను." ఆమె నడక ఆపి నా వైపు తిరిగారు. "మా షెఫ్‌కు శిక్షణ మొత్తం ఇచ్చే అనుమతి లేదు. చివరి ఏడాదికి నువ్వెలాగూ ఇంకో చోటు వెతుక్కోవాలి. మూర్ఛ రోగుల్ని రోజుల తరబడి గమనించే గది మాకు లేదు. కండరాల జబ్బులు ఎప్పుడో ఒకటి వస్తాయి, వచ్చినా పై ఊరికి పంపేస్తాం. మనుషులు చాలరు, అంచేత నువ్వు నేర్చుకోవాల్సిన పూట డిశ్చార్జి కాయితాలు రాస్తూ కూర్చుంటావు. నేను నేర్పాలనుకుంటాను గానీ సగం రోజులు నాకూ తీరదు. ఇవన్నీ నీకు షెఫ్ చెప్పడు. చెడ్డవాడై కాదు, ఆయనకు మనిషి కావాలి."

"మీకు గూడ కావాలె గదా" అన్నాను.

"కావాలి. నువ్వు రాకపోతే వచ్చే చలికాలమంతా నీ డ్యూటీలు కూడా నేనే చేయాలి. ఈ వయసులో అదంత సరదాగా ఏం ఉండదు. అయినా నీకు చెప్పకుండా ఉంచుకుంటే రెండేళ్ళకు నీకే తెలుస్తుంది. అప్పుడు నా ముఖం చూడవు."

నేను ఆమెనొక మాట అడిగాను. మరి మీరెందుకు ఇక్కడే ఉండిపోయారని. ఆమె దాచలేదు. "నేనొచ్చిన రోజుల్లో నాకు తలుపు తీసింది ఈ ఒక్క చోటే. కృతజ్ఞత ఉంది, ఇష్టమూ ఉంది. బాగానే బతికాను, బాగానే పనిచేశాను. కానీ అది ఎంచుకోవడం కాదమ్మా, దొరికింది పట్టుకోవడం. నీకు ఎంచుకోవడమే దొరికింది. దాన్ని నా మీద మొహమాటంతో పారేసుకోకు." తర్వాత యూనివర్సిటీ ఆసుపత్రి గురించీ అంతే నిక్కచ్చిగా చెప్పారు. అక్కడ నా పేరు అందరికీ తెలియడానికి ఆర్నెల్లు పడుతుందని, నాకన్నా తెలివైనవాళ్ళ మధ్య ఉండడం మొదట్లో గుచ్చుకుంటుందని, బేకరీ ఆవిడ నా బ్రెడ్ గుర్తుపెట్టుకోదని. "ఇవి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకో. నేను చెప్పేది అయిపోయింది. ఏది తీసుకోవాలో మాత్రం నన్నడక్కు."

ఆ వారం చాలాసార్లు ఆ కాలిబాట మీద ఒంటరిగా నడిచాను. విచిత్రం, నాకు భయం వేయలేదు. కళ్ళ ముందు పొగమంచు పోయినట్టుంది. తెర మీద ఆ కొమ్మలోకి రక్తం పారిన దృశ్యం మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. పైడమ్మ గారి మాటల్లో దెబ్బ ఎక్కడ తగిలిందో కనిపెట్టడం కరుణక్క దగ్గర నేర్చుకున్నాను. ఆ దెబ్బను బాగుచేయడం కూడా నేర్చుకోవాలనుకున్నాను. షెఫ్ దగ్గరికి వెళ్ళి రానని చెప్పాను. ఆయన, "కరుణతో మాట్లాడావా?" అన్నాడు. మాట్లాడానన్నాను. "అనుకున్నాను" అని నిట్టూర్చి, చెయ్యి కలిపి, నిండు మనసుతోనే శుభం కోరాడు. తర్వాత నర్సులు చెప్పగా విన్నాను, నన్ను ఎలాగైనా ఒప్పించమని ఆయన కరుణక్కను ముందే అడిగాడట. ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్తాను, అందుకు ఒప్పుకుంటేనే మాట్లాడతానని ఆమె అన్నారట.

యూనివర్సిటీలో మొదటి చలికాలం ఆమె చెప్పినట్టే గడిచింది. పేరు తప్పుగా పలికించుకున్నాను, మార్నింగ్ మీటింగులో నోరు తెరవడానికి జంకాను. ఒక ఆదివారం ఫోన్ చేసి, "అక్కా, మళ్ళా ఆడికే వస్తనంటే తీసుకుంటరా?" అన్నాను.

"తలుపు తీసే ఉంది. ముందు ఈ వారం ఏం చూశావో చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. చెప్తుంటే నాకే తెలిసింది, ఆ ఒక్క వారంలో చూసినన్ని జబ్బులు అంతకుముందు పుస్తకాల్లో మాత్రమే చదివానని. ఒక కండరాల జబ్బును ప్రొఫెసర్ కన్నా ముందు నేనే అనుమానించానని కూడా చెప్పాను. ఆమె అంతా విని, "మరి వస్తావా?" అన్నారు. నేను నవ్వేశాను. ఆ తర్వాత ఆ ప్రశ్న నేను మళ్ళీ అడగలేదు. ఆమె కూడా నేను చెప్పలేదా అని ఏనాడూ అనలేదు. ఆ చలికాలం నా బదులు డ్యూటీలు ఎన్ని చేశారో ఎంత అడిగినా చెప్పలేదు.

శిక్షణ పూర్తయింది, అక్కడే సీనియర్ డాక్టర్‌నయ్యాను. మాట పోయిన రోగులే నా ప్రత్యేకత అయ్యారు. మా విభాగంలో ఇప్పుడు ఒక పద్ధతి ఉంది. ఏ దేశం మనిషి వచ్చినా, ఆ మనిషి సొంత భాష తెలిసినవారు ఫోనులోనైనా వినేదాకా 'భాష సమస్య' అని ఎవరూ రాయకూడదు. టర్కీ తాతలకూ, ఉక్రెయిన్ అమ్మమ్మలకూ, సిరియా కుర్రాళ్ళకూ అది పనికొచ్చింది. పద్ధతి పెట్టింది నేనని మా వాళ్ళంటారు. కాదని వాళ్ళకు ప్రతిసారీ చెప్తాను, చిన్న ఊళ్ళో ఒక సీనియర్ డాక్టర్ పెట్టిందని.

ఈమధ్య ఉద్యోగానికి వచ్చే కుర్ర డాక్టర్లకు విభాగం తిప్పి చూపించే పని నా మీద పడింది. పోయిన నెల ఒక అమ్మాయి వచ్చింది, హానా. చురుకైనది, పిల్లల న్యూరాలజీ మీద ఇష్టం. మాకు మనుషులు తక్కువగా ఉన్నారు, మా ప్రొఫెసర్ ఆమెను ఎలాగైనా తీసుకోవాలని చూస్తున్నారు. ఔట్‌పేషెంట్లను, స్కాన్ గదిని, స్ట్రోక్ వార్డును చూపించాక ఆమెను కూర్చోబెట్టి, మా దగ్గర ఏమేం లేవో చెప్పాను. పిల్లల విభాగంతో కలిసి పనిచేసే వీలు మా దగ్గర తక్కువ. ఆ శిక్షణ ఆమెకు ముఖ్యమైతే వోల్ఫ్స్‌బర్గ్ వైపు ఇంకో ఆసుపత్రి ఉంది, అదీ చూసి రమ్మన్నాను. ఆమె ఆశ్చర్యంగా నా వైపు చూసి, "మీకు నేను వద్దా?" అంది. "చాలా కావాలి. అందుకే చెప్తున్నాను" అన్నాను.

హానా ఆ ఇంకో ఆసుపత్రిలోనే చేరింది. ప్రొఫెసర్ రెండ్రోజులు నాతో ముభావంగా ఉన్నారు. ఆమె చేయాల్సిన డ్యూటీలు ఈ నెల నా వాటాకు కూడా వచ్చాయి. చేస్తున్నాను. ఒళ్ళు అలుస్తోంది గానీ మనసుకు బరువేమీ లేదు.